పెద్దమ్మగారి ముద్ర

నీలం సోఫా తిరిగొచ్చింది.

ఇద్దరు కూలీలు దాన్ని బండి మీంచి దించి, కొట్టు మధ్యలో పెట్టి, ముక్కులు రుద్దుకుంటూ వెళ్లిపోయారు. మధ్య దిండు మీద పళ్లెమంత మరక ఉంది. అంచు తెల్లగా ఎండిపోయింది, నడుమ ముదురుగా ఉంది. వాసన ఎవరూ అడగకుండానే సంగతి చెప్పేసింది.

మా ఆయన ఆ మరకను చూశారు. తర్వాత నేలను చూశారు. నా వైపు మాత్రం చూడలేదు.

"ఏమన్నారు కొన్నవాళ్లు?" అంది అత్తయ్య.

"ఏమంటారమ్మా. కొత్త సోఫా కదా అని చుట్టాల్ని దాని మీద కూర్చోబెట్టారట. ఆ చుట్టాలు కాసేపటికి లేచి వెళ్లి బయట నిలబడ్డారట. మీ కొట్లో కుక్కని పెంచుతున్నారా అని అడిగారు నన్ను," అన్నారు మా ఆయన.

"కుక్కా?" అని నవ్వింది వదిన. మా ఆయనకి అక్క. బేరాలన్నీ ఆవిడ నోటి మీదే నడుస్తాయి. "కుక్కయితే బుద్ధిగా బయటికెళ్లి పోసుకుంటుంది."

అత్తయ్య తన రెక్సిన్ కుర్చీలో వెనక్కి వాలి, ఒళ్లో ఉన్న శాలువా సర్దుకుంది.

"ఇంకెవరు," అంది. "చెమ్మ."

చెమ్మ అంటే నేనే. కొత్తవాళ్లు వింటే చెల్లెమ్మని కుదించి అలా పిలుస్తున్నారనుకుంటారు. ఎంత ముద్దుగా పిలుచుకుంటారండీ అని మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ముద్దూ లేదు, మురిపెమూ లేదు. చెమ్మ అంటే చెమ్మే. పాప పుట్టిన కొన్నాళ్లకి, కొట్టు నిండా జనం ఉండగా నాకు తుమ్ము వచ్చింది. కూర్చున్నది తెల్ల వెల్వెట్ దివాను మీద. ఆపుకోలేకపోయాను. అత్తయ్య నా రెక్క పట్టుకుని లేపి, మరక అందరికీ కనబడేలా తను పక్కకి జరిగి, "చూశారా, మా ఇంటికి చెమ్మ పట్టింది" అంది, గోడలకి పట్టిన దాని గురించి చెప్పినట్టు. జనం పగలబడి నవ్వారు. ఆ మాటే నాకు పేరైపోయింది. అంతకుముందు దాకా ఆవిడ నన్ను 'అమ్మాయీ' అని పిలిచేది.

ఆ రోజు నుంచీ నా చోటు వెనక గది. ఫోము కొయ్యడం, తొడుగులు కుట్టడం నా పని. నా స్టూలు మీద పాలితీన్ కాగితం పరిచింది కూడా అత్తయ్యే. తయారైన సరుకు మీద నేను కూర్చోకూడదని చెప్పింది. ఆరేళ్లుగా కూర్చోలేదు.

మరి నీలం సోఫా మీద కూర్చున్నదెవరు?

మా కొట్లో ఒక పద్ధతి ఉంది. ఏ సోఫా అయినా గుమ్మం దాటే ముందు అత్తయ్య దాని మీద కాసేపు కూర్చోవాలి. అటూ ఇటూ కదిలి, చేతులు ఆనించి, వీపు ఆనించి, చివరికి "ఊఁ" అంటుంది. అప్పుడే అది బండి ఎక్కుతుంది. పనివాళ్లు దాన్ని ముద్ర అంటారు. పెద్దమ్మగారి ముద్ర పడిందా అని అడిగి గానీ తాడు కట్టరు. నీలం సోఫాకీ పడింది ముద్ర. ఈసారి కాస్త గట్టిగానే పడింది.

ఈ ముక్క అక్కడున్న అందరికీ తెలుసు. ఒక్కరికీ తట్టలేదు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని పెద్దలు ఊరికే అనలేదు.

"నేను దాని మీద కూర్చోలేదు," అన్నాను.

"కూర్చోకుండా ఎలా పడుతుంది? పైకప్పు కారిందా?" అంది వదిన.

"తొడుగు కుట్టింది నువ్వే కదా," అంది అత్తయ్య. "ఒళ్లో పెట్టుకునేగా కుడతావు."

"తొడుగు కుట్టేటప్పుడు లోపల ఫోము ఉండదత్తయ్యా. ఈ తడి ఫోములోకి దిగింది. కావాలంటే విప్పి చూపిస్తాను. పైన వెడల్పుగా ఉండి, కిందికి పోయేకొద్దీ సన్నబడి ఉంటుంది. కూర్చున్న మనిషి కింద నుంచి దిగితేనే అలా ఉంటుంది."

అత్తయ్య వేళ్లు శాలువా మీద ఆగిపోయాయి.

"విప్పక్కర్లేదు," అంది.

"విప్పితే నిజం తేలుతుంది కదా."

"విప్పక్కర్లేదని చెప్పానా. వెనక్కి తీసుకెళ్లి దిండు మార్చండి. దీని మీద ఇంక పంచాయితీ వద్దు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం ఇదే. నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. నాకు తెలుసని ఆవిడకి ఆ క్షణంలో తెలిసింది. అయినా కళ్లు దించలేదు. అదీ మా అత్తయ్య అంటే.

"ఆదివారం కొత్త షాపు తెరుస్తున్నాం," అంది వదిన తమ్ముడితో. "గుడ్డలు చూపించే బల్ల దగ్గర దీన్ని కూర్చోబెడతానని మాటిచ్చావట. ఇంకా అదే మాట మీదున్నావా?"

ఆ బల్ల కోసం నేను ఏడాదిగా కాచుకుని ఉన్నాను. ఏ గుడ్డ ఎన్నాళ్లు మన్నుతుందో, ఏది ఎండకి వెలుస్తుందో, ఏ ఇంటికి ఏ రంగు నప్పుతుందో వచ్చినవాళ్లకి చెప్పి, వాళ్ల ఎదురుగా కూర్చుని మాట్లాడే పని అది. వెనక గదిలోంచి బయటపడటానికి నాకున్న ఒకే ఒక్క దారి.

"చూద్దాంలే అక్కా," అన్నారు మా ఆయన.

ఆయన చూద్దాంలే అన్నారంటే ఆ పని అయిపోయినట్టే.

"ఏమండీ, మీకు కూడా నా మీదే అనుమానమా?" అని అడిగాను.

ఆయన జేబులోంచి కొలత టేపు తీసి, కొలవడానికేమీ లేకపోయినా లాగి, మళ్లీ చుట్టుకున్నారు. ఆ టేపు చప్పుడే నాకు జవాబు.

నాకు కోపం రాలేదు. కోపమైతే కాసేపుండి పోయేది. ఇది వచ్చి నా పక్కనే కూర్చుంది, తిన్నా, కుట్టినా, పడుకున్నా కదల్లేదు.

* * *

మర్నాడు మధ్యాహ్నం లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఆస్పత్రిలో బెంచీలకి తొడుగులు కుట్టింది నేనే, అందుకని నన్ను గుర్తుపట్టింది. ఆదివారం షాపుకి వస్తున్నానంది. ఆరేళ్లుగా సిగ్గుతో వెళ్లని మనిషిని, ఆ రోజు పంతంతో వెళ్లాను. ఒంట్లో చెమ్మ లేదని ఒక్క డాక్టరు చెబితే చాలు, ఆ మాట తెచ్చి వదిన మొహాన కొట్టాలని నా ఆలోచన.

"ఎప్పుడు పడుతుంది?" అని అడిగింది డాక్టరు. "తుమ్మితేనా, లేక అర్జెంటుగా వచ్చి ఆగలేకనా?"

"తుమ్మినా, దగ్గినా, ఫోము షీట్లు ఎత్తినా. అదీ కొంచెం. ఇదివరకంత లేదు."

"కాన్పు కష్టమైందా?"

"పెద్ద పాప. చాలాసేపు నొప్పులు పడ్డాను. చివరికి పట్టకారు వేసి లాగారు."

ఆవిడ తలూపింది. పరీక్ష చేసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. "మూత్రం సంచిని కింద నుంచి కొన్ని కండరాలు మోస్తాయి. కాన్పులో అవి సాగిపోతాయి. దగ్గినప్పుడు పైనుంచి ఒత్తిడి పడితే ఇక ఆపలేవు. చాలామందికి ఉంటుందిది. ఎలా చెప్పాలి మీకు? సోఫా అడుగున ఏదో అల్లుతారు కదా?"

"పట్టీలు," అన్నాను. "అడ్డంగా, నిలువుగా బిగించి అల్లుతాం. అవి సాగితే స్ప్రింగులు దిగబడతాయి."

"అదే. మీవి తెగలేదు, సాగాయంతే. బిగించుకోవచ్చు."

ఎలా బిగించాలో చెప్పింది. మూత్రం ఆపుకుంటున్నట్టు లోపలి కండరాలు బిగబట్టడం, కాసేపు ఉంచడం, వదలడం. కూర్చుని కుట్టుకుంటూ కూడా చెయ్యొచ్చట, పక్కవాళ్లకి తెలియనైనా తెలియదట. కొన్ని నెలలు మానకుండా చేస్తే చాలామందికి తగ్గిపోతుందంది. తగ్గకపోతే వేరే మార్గాలున్నాయంది.

"అంతేనా?" అన్నాను.

"అంతే. ఇన్నేళ్లు ఎందుకు రాలేదు మీరు?"

నాకు ఏడుపొచ్చింది. ఆరేళ్లు. పాలితీన్ కాగితం మీద ఆరేళ్లు కూర్చున్నాను. ఊపిరి బిగబట్టి వదిలినంత తేలికైన పనికి. ఒక్కరు, ఆ ఇంట్లో ఒక్క మనిషి డాక్టరు దగ్గరికి పద అని ఉంటే. పేరు పెట్టడానికి పనికొచ్చిన నోరు ఆ మాట అనడానికి పనికిరాలేదు.

కళ్లు తుడుచుకున్నాను. లేవబోయి, మళ్లీ కూర్చున్నాను.

"మా వీధిలో ఒకావిడ ఉంది డాక్టరుగారూ," అన్నాను. "పెద్దావిడ."

"ఆవిడకీ తుమ్మితేనా?"

"కాదు. వచ్చిందంటే లేచి వెళ్లేలోపే అయిపోతుంది. ఒక్కోసారి కూర్చున్నచోటే."

"దాహం ఎక్కువా? నీళ్లు బాగా తాగుతుందా?"

"చెంబులు చెంబులు తాగుతుంది."

"షుగర్ చూపించుకోమనండి. బీపీ ఉందా? ఈ మధ్య మందేమైనా మార్చారా?"

"మార్చారు. అప్పట్నుంచే మొదలైంది."

"ఒంట్లో నీరంతా కిందికి లాగే మాత్రలుంటాయి. దానికి తోడు ముట్లుడిగాక అక్కడి చర్మం పల్చబడి పట్టు తగ్గుతుంది. మలబద్ధకం ఉన్నా సంచి మీద బరువు పడుతుంది. కాఫీ, టీలు ఎక్కువైతే ఇంకా తొందరపెడుతుంది. ఒకటే కారణం ఉండాలని లేదు." చెప్పుకుంటూ పోతున్న మనిషి ఆగింది. "వాసన ఉందా?"

కూలీలు ముక్కులు రుద్దుకోవడం గుర్తొచ్చింది.

"ఉంది," అన్నాను.

ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టేసింది. "అయితే ఆలస్యం చెయ్యొద్దు. ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు. షుగరున్న పెద్దవాళ్లలో అది పైకి, కిడ్నీల దాకా పాకుతుంది. జ్వరం వచ్చినా, మాట తడబడినా, మనుషుల్ని పోల్చుకోలేకపోయినా, అది ముదిరిందని అర్థం. అంతదాకా రానివ్వకుండా ముందే నా దగ్గరికి తీసుకురండి. మందులతో తగ్గేదాన్ని ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు."

"చెప్తాను," అన్నాను.

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు. "మగవాళ్లకి ఎందుకొస్తుందండీ?"

"వయసు మీద పడితే లోపల ఒక గ్రంథి వాచి దారిని నొక్కేస్తుంది. సంచి పూర్తిగా ఖాళీ అవదు, చుక్కలు చుక్కలుగా కారుతూ ఉంటుంది. దానికీ మందులున్నాయి. ఏం, ఎవరికైనా ఉందా?"

"ఉండేది," అన్నాను. "ఆయన ఇప్పుడు లేరు."

మా మామగారు చివరి రెండు మూడేళ్లు వెనక గదిలో ఫోము ముక్కల మీద పడుకున్నారు. మంచం పాడవుతోందని అత్తయ్య ఆయన పక్కబట్టలు చుట్టి అక్కడికి విసిరేసింది. నాకు కత్తెర పట్టడం నేర్పింది ఆయనే. నన్ను చెమ్మ అని ఏనాడూ పిలవనిది కూడా ఆ ఇంట్లో ఆయనొక్కరే.

* * *

అబద్ధమెందుకు, దారిలో చెప్పేద్దామనే అనుకున్నాను. ఎంతైనా పెద్ద ప్రాణం. రేపు నాతో రండత్తయ్యా అందామనుకుంటూ కొట్లోకి అడుగు పెట్టాను.

అత్తయ్య ఎదురుగా ఎవరో దంపతులు పరుపులు బేరమాడుతున్నారు.

"చెమ్మా, నీళ్లు తే," అంది నన్ను చూడగానే.

"మీ చెల్లెలా అండీ?" అని వదినని అడిగింది ఆ బేరానికొచ్చినావిడ.

"ఆఁ, మా ఇంటి చెల్లెమ్మ," అని అత్తయ్య వదిన వైపు చూసింది. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తన కింద తడి పెట్టుకుని, ఆ తడి మీద కూర్చునే, నన్ను చెమ్మ అంటోంది.

నీళ్లు తెచ్చి ఇచ్చాను. డాక్టరు మాట మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.

దంపతులు వెళ్లాక, మా ఆయన కూడా అక్కడుండగా, తీయగా మొదలుపెట్టాను.

"అత్తయ్యా, కొత్త షాపులో కూడా ఈ రెక్సిన్ కుర్చీలోనే కూర్చుంటారా? సోఫాలమ్మే ఇంటి పెద్ద చిరిగిన రెక్సిన్ మీద కూర్చుంటే వచ్చినవాళ్లేమనుకుంటారు? మీకు రాణీగారి కుర్చీ లాంటిది నేను కుట్టిపెడతాను."

"నాకిదే బాగుంది."

"ముత్యం రంగు గుడ్డ వచ్చింది కదా, దానితో కుడతాను. గుమ్మంలోంచి చూస్తే ముందు మీరే కనబడాలి."

"బాగుంటుందమ్మా," అంది వదిన. "మరదలు ఇన్నాళ్లకి ఒక మంచిమాట అంది."

"రెక్సినే మేలు," అంది అత్తయ్య. "తుడిస్తే పోతుంది."

"ఏం పోతుంది?" అంది వదిన.

అత్తయ్య కుర్చీ చేతిని అరచేత్తో తుడిచింది.

"దుమ్ము," అంది అత్తయ్య.

"దుమ్ము నేను దులుపుతానుగా అత్తయ్యా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెప్పలేదు. మా ఆయన "కుట్టించుకో అమ్మా, నాకూ సంతోషం" అనేసరికి ఇక మింగలేక, కక్కలేక శాలువా ఒళ్లోకి లాక్కుంది.

"నీ ఇష్టం," అంది నాతో. ఆవిడ నన్ను ఆ మాట అనడం అదే మొదటిసారి.

ముత్యం రంగు గుడ్డ చూడ్డానికి చాలా బాగుంటుంది. మెత్తగా, నిండుగా, పెద్దింటి పిల్లలా ఉంటుంది. దానికున్న గుణం ఒక్కటే. చుక్క నీళ్లు పడితే చాలు, పడినచోట బొగ్గు రంగుకి తిరుగుతుంది. భోజనాల బల్ల కుర్చీలకి అడిగితే మేమే వద్దని చెప్తాం. నేను దాన్నే కోశాను. కొన్నిటికి ఫోము మీద పరిచే పాలితీన్ దీనికి వెయ్యలేదు. దానికి బదులు దూది పొర వేసి, ముందు అంచు దాకా లాగాను. దూది తడిని ఉన్నచోట ఉండనివ్వదు, చాప కింద నీరులా ముందుకి తీసుకొస్తుంది, గుమ్మంలో నిలబడ్డవాళ్లకి కనబడేచోటికి.

అంత శ్రద్ధగా నేను ఏ కుర్చీ కుట్టలేదు. మామగారు చూస్తే మెచ్చుకునేవారు. చేతిపని వరకే.

ఆ రెండు రోజులూ అత్తయ్య ఎక్కువ మాట్లాడలేదు. అన్నం కెలికి వదిలేసింది. ఎండలో కూడా శాలువా కప్పుకుంది. చలిగా ఉందా అమ్మా అని మా ఆయన అడిగితే విసుక్కుంది. నేను చూశాను. చూసి దారం ఎక్కించుకున్నాను.

* * *

ఆదివారం కొత్త షాపు జనంతో నిండిపోయింది. బజారులో వ్యాపారులంతా వచ్చారు. లేడీ డాక్టరు కూడా వచ్చి, దిండ్లు ఒక్కొక్కటే నొక్కి చూస్తోంది. గుడ్డల బల్ల దగ్గర వదిన కూర్చుంది. నూలుకీ, సిల్కుకీ తేడా తెలియని మనిషి, చెయ్యి తిప్పుతూ తెగ చెబుతోంది. నన్ను వెనకాల నిలబడి, దుమ్ము పడకుండా కప్పే గుడ్డలు మడతపెట్టమన్నారు.

అత్తయ్య ముత్యం రంగు కుర్చీలో ఉంది. గుమ్మంలోంచి చూస్తే ముందు ఆవిడే కనబడుతోంది.

నేను కాఫీ తీసుకెళ్లాను. వద్దంది. ఎదురుగా వ్యాపారి ఒకాయన ఉన్నాడు, "కోడలు ప్రేమగా ఇస్తుంటే వద్దంటారేమిటి పెద్దమ్మగారూ" అన్నాడు. తాగింది. కాసేపాగి ఇంకో కప్పు ఇచ్చాను. అదీ తాగింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. భయం అనుకున్నాను. భయపడనీ అనుకున్నాను.

"అమ్మా, లే," అంటూ మా ఆయన వచ్చారు. "బోర్డు దీపాలు నువ్వే వెయ్యాలి. అందరూ కాచుకునున్నారు."

"నువ్వే వెయ్యి," అంది.

"బాగుంటుందా అమ్మా? లే, లే," అని వదిన కూడా వచ్చి రెక్క పట్టుకుంది.

అత్తయ్య కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. జనం ఇటు తిరుగుతున్నారు. ఆవిడ కళ్లు షాపంతా వెతికి, నా దగ్గర ఆగాయి.

"అమ్మాయీ," అంది.

ఆరేళ్ల తర్వాత. నాకు గుండెలో ఏదో కదిలింది. కదలనివ్వలేదు. మడతపెట్టిన ముదురు గుడ్డ ఒకటి చేతిలో ఉండగానే వెళ్లి ఆవిడ దగ్గర వంగాను. వదిన విసుగ్గా రెండడుగులు వెనక్కి వేసింది.

"లేవలేను అమ్మాయీ."

"ఏమైందత్తయ్యా?" అన్నాను, నవ్వుతూనే.

"నీకు తెలుసు."

"నేను చెమ్మని. నాకేం తెలుస్తుంది?" నోరు ఆవిడ చెవి దగ్గర పెట్టాను. "నీలం సోఫా తడిపిందెవరో చెప్పండి. ఇప్పుడు, వీళ్లందరి ముందూ. చెబితే ఈ గుడ్డ మీ చుట్టూ కప్పి నేనే లేవదీస్తాను. ఎవరికీ ఏమీ కనబడదు. చెప్పకపోతే వదిన లేపుతుంది."

కుర్చీ ముందు అంచున నల్లటి గీత ఒకటి మొదలైంది. నేను చూస్తుండగానే అది వెడల్పయింది. నా దూది నా మాట విన్నది.

అత్తయ్య పెదాలు తడుపుకుంది. "చెప్తాను," అంది. "చెప్తాను గానీ, ఆయనకి చెప్పకు."

"ఎవరికి?"

"మీ మామగారికి. వెనక గదిలో ఉన్నారు కదా." గొంతు చిన్నపిల్లదిలా అయిపోయింది. "మంచం తడిపారని నేనే ఆయన్ని అక్కడికి పంపాను. ఇప్పుడు నా సంగతి తెలిస్తే నన్నూ అక్కడే పడుకోమంటారు. ఫోము ముక్కల మీద. నేనుండలేను అమ్మాయీ, ఆ గదిలో చీకటి."

నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కాలిపోతోంది.

డాక్టరు మాటలు గుర్తొచ్చాయి. మనుషుల్ని పోల్చుకోలేకపోయినా. మాట తడబడినా. ఆరేళ్లుగా ఎవరి నోట ఒక్క మాట చెప్పించాలని ఎదురుచూశానో ఆ మనిషి నా ఎదుట లేదు. ఆవిడ కుర్చీలో ఇంకెవరో కూర్చుని, చనిపోయిన మొగుడికి భయపడుతోంది.

చేతిలో ఉన్న ముదురు గుడ్డ ఆవిడ ఒళ్లో కప్పాను. ఆలస్యమైపోయింది. వదిన చూసేసింది.

"అయ్యో," అంది వదిన. "అమ్మా, ఇదేమిటి? నువ్వా?"

వదిన నోట్లో నువ్వు గింజ నానదు. ఆ మాట షాపులో అందరికీ వినబడింది. ఒక్కరూ నవ్వలేదు. నేను ఊహించుకున్నప్పుడల్లా నవ్వారు.

డాక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నుదురు ముట్టుకుంది, నాడి చూసింది, కనురెప్ప ఎత్తి చూసింది. ఆ వాసన ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. "బండి తీయండి," అంది మా ఆయనతో. "ఒళ్లు కాలిపోతోంది. ఎన్నాళ్ల నుంచి ఉంది ఇలా?"

"ఏది?" అన్నారు ఆయన.

"ఈ కారడం. ఈ వాసన. ఇది ఇవాళ మొదలైంది కాదు. ఇంట్లో ఒక్కరూ చూడలేదా?"

"మాకేమీ తెలీదు డాక్టరుగారూ. సోఫా ఒకటి పాడైంది గానీ, అది మా ఆవిడే అనుకున్నాం."

"మీ ఆవిడా?" అని డాక్టరు తల తిప్పింది.

నన్ను చూసింది. నా చేతిని పట్టుకుని ఉన్న అత్తయ్య చేతిని చూసింది. ముత్యం రంగు గుడ్డని, దాని ముందు అంచుని చూసింది. అన్నీ కూడుకోవడానికి ఆవిడకి ఎక్కువసేపు పట్టలేదు.

"మీ వీధిలో ఒకావిడ అన్నారు మీరు," అంది మెల్లగా.

"ఏ వీధి? ఎవరావిడ?" అంది వదిన.

డాక్టరు నా మీంచి కళ్లు తియ్యలేదు. అందరూ నా వైపు తిరిగారు. ఆరేళ్ల కిందట కూడా ఇలాగే తిరిగారు. ఆ రోజు నేను నోరు విప్పక్కర్లేకుండా నా కింద మరకే చెప్పింది. ఇవాళ నేను నిలబడ్డచోట పొడిగా ఉంది.

"నీకు తెలుసా?" అన్నారు మా ఆయన. ఎన్నో రోజుల తర్వాత నా మొహంలోకి చూశారు. "అమ్మకి ఇలా ఉందని నీకు ముందే తెలుసా?"

అత్తయ్య నా చెయ్యి వదల్లేదు. "చెప్పకు అమ్మాయీ," అంటోంది, పొయ్యి మీద పెనంలా కాలుతూ.

"తెలుసు," అన్నాను.